మెక్సికన్ గడ్డి ఎండిపోతోంది, పీకి వేరేది వేయాలా? (రాజోలు వైపు, 3 సెంట్లు)

గట్టుమీద ఇల్లు · మార్చి 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది రాజోలు వైపు. బడిపంతులుగా చేసి రిటైరై నాలుగేళ్ళయింది. ఇంటి ముందూ వెనకా కలిపి మూడు సెంట్ల ఖాళీ జాగా ఉంది. రెండేళ్ళ కిందట మెరక తోలించి, కడియం వైపు ఒక నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి షీట్లు తెప్పించి పరిపించాను. మొదటి ఆరునెలలూ దారినపోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి మరీ చూసేవాళ్ళు. ఇప్పుడు మా ఆవిడ "ఎలాగూ ఎండిపోయింది, దాని మీద వడియాలన్నా పెట్టుకుంటాను" అంటోంది.

ముందు వైపు ఆకులు కొసల నుంచి ఎండుకొస్తున్నాయి. అక్కడక్కడా అన్నం పళ్ళెమంత గుండ్రటి మచ్చలు. వాటి మధ్య తుంగ మాత్రం కత్తుల్లా లేస్తోంది. వెనక వైపు కొబ్బరిచెట్ల కింద గడ్డి పలచబడి మట్టి కనిపిస్తోంది. యూరియా చల్లితే వారం పచ్చబడింది, తర్వాత మామూలే. నీళ్ళకి లోటు లేదు, రోజూ రెండు పూటలా బోరు వేసి తడుపుతున్నాను.

మొత్తం పీకేసి బఫెలో గడ్డి వేద్దామని నా ఆలోచన. మా అల్లుడు షికాగో నుంచి కెంటకీ బ్లూగ్రాస్ విత్తనాల పొట్లం తెచ్చి "ఇది వేయండి మామయ్యా, అక్కడందరికీ ఇదే" అన్నాడు. పొట్లం మీద బొమ్మ చూస్తే ఆశగానే ఉంది. ఏం చేయమంటారు?

ఊరికే చదివేవాణ్ణి · మార్చి 9, రాత్రి 9:20

మాస్టారూ, ఓ గేదెను కొనండి. గడ్డి గొడవా తీరుతుంది, పాల ఖర్చూ తీరుతుంది.

అట్లాంటా అల్లుడు · మార్చి 9, రాత్రి 10:05

మాస్టారూ, నేనూ ఒక ఇంటి అల్లుణ్ణే కాబట్టి చనువుగా చెబుతున్నాను, ఆ పొట్లం బీరువాలోనే ఉంచండి. బ్లూగ్రాస్ చలి దేశపు గడ్డి. పేరులో కెంటకీ ఉన్నా దాని పుట్టుక యూరప్, ఆసియాల చల్లటి ప్రాంతాల్లో. 15 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. షికాగోలో అందరికీ ఉందంటే నిజమే. మా అట్లాంటా దగ్గరికి వచ్చేసరికే అది వేసవిలో చతికిలబడుతుంది. ఇక్కడ ఎండ తగిలే చోట ఎక్కువమంది వేసేది బెర్ముడా, అంటే మన గరికే. చలికాలంలో అది ఎండుగడ్డి రంగుకి తిరిగి నిద్రపోతుంది, ఏప్రిల్‌లో లేస్తుంది. మీకు ఆ నిద్ర బాధ కూడా లేదు, గోదారి జిల్లాల్లో ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది.

ఎండతో తిండి తయారుచేసుకునే పద్ధతిని బట్టి గడ్డి జాతులు రెండు రకాలు. వేడిలో బలపడేవి సి4 రకం: గరిక, మెక్సికన్, చెరుకు, మొక్కజొన్న. చలిలో బలపడేవి సి3 రకం: బ్లూగ్రాస్, గోధుమ.

ఊరికే చదివేవాణ్ణి · మార్చి 9, రాత్రి 10:11

వరి కూడా సి3 యే కదండీ? మరి మన దగ్గర పుట్లకి పుట్లు ఎలా పండుతోంది?

వరిచేను · మార్చి 10, ఉదయం 6:30

గేదె సలహా ఇచ్చినాయన మంచి ప్రశ్నే వేశారు. వరి సి3 యే, కానీ అది వేడి, నీరు ఉన్న చోట పుట్టి పెరిగిన సి3. బ్లూగ్రాస్ పుట్టుకే చలిలో. నేల బాగా వేడెక్కితే దాని వేరు కుంచించుకుపోతుంది. మే నెలలో మన నేల మీద చెప్పుల్లేకుండా నిలబడండి, ఆ వేరు సంగతి మీకే తెలుస్తుంది. ఇంకోటి, విదేశీ విత్తనాన్ని అనుమతీ, ఆ దేశపు తనిఖీ పత్రమూ లేకుండా తేవడం మొక్కల క్వారంటైన్ నిబంధనలకి విరుద్ధం. అల్లుడుగారికి మెల్లగా చెప్పండి.

నేను వ్యవసాయశాఖలో పనిచేసి దిగినవాణ్ణి. రెండు సంగతులు చెప్పండి. ఆ గుండ్రటి మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయి? నీళ్ళు ఏ వేళప్పుడు పెడుతున్నారు?

గట్టుమీద ఇల్లు · మార్చి 10, ఉదయం 8:02

మచ్చలు కార్తీకమాసంలో కనిపించాయండి, వాయుగుండం వెళ్ళాక. నీళ్ళు ఉదయం ఆరింటికోసారి, సాయంత్రం ఆరున్నరకోసారి, పైపుతో పైనుంచి చల్లుతాను.

వరిచేను · మార్చి 10, ఉదయం 8:40

అయితే మచ్చల వరకూ నా అనుమానం ఇదీ. వరిలో పాముపొడ తెగులు మీరు చూసే ఉంటారు. దాన్ని తెచ్చే రైజోక్టోనియా సొలానీ అనే శిలీంధ్రమే మెక్సికన్ గడ్డిలోనూ గుండ్రటి మచ్చలు పెడుతుంది. జాతి ఒకటే, అందులో తెగలు వేరు. వాతావరణం కాస్త చల్లబడి, ఆకు రాత్రంతా తడిగా ఉండి, యూరియా ఎక్కువై గడ్డి లేతగా ఉంటే దానికి పండగ. సాయంత్రం నీళ్ళు మానేస్తే సగం మందు వేసినట్టే. మచ్చ అంచున గడ్డి పరకని లాగి చూడండి. మొదట్లో కుళ్ళి సులువుగా ఊడొస్తే అదే. అప్పుడు వరికి కొట్టే హెక్సాకొనజోల్ లీటరుకి 2 మి.లీ. చొప్పున సరిపోతుంది. ఈ ఎండల్లో కాదు, మళ్ళీ కార్తీకంలో కనబడితే.

ఆకు కొసలు ఎండడం మాత్రం తెగులు కాదు. అది వేరే కథ.

కడియపులంక పిల్ల · మార్చి 10, మధ్యాహ్నం 2:15

మాస్టారూ, మాది నర్సరీ కుటుంబం. బఫెలో అంటున్నారు కాబట్టి ముందు పేర్ల సంగతి. ఈ పేర్లతోనే సగం మంది మోసపోతారు. మోసం అంటే అమ్మేవాళ్ళు చేసేదని కాదు, పేరే అలాంటిది.

బఫెలో గడ్డి అంటే అమెరికాలో మెట్ట మైదానాల్లో పెరిగే సన్నాకు గడ్డి. ఆస్ట్రేలియాలో అదే పేరుతో పిలిచేది ఇంకోటి, సముద్రపు ఒడ్డున పెరిగే వెడల్పాకు గడ్డి. మన దగ్గర ఆ పేరుతో ఎక్కువగా ఇచ్చేది కార్పెట్ గడ్డి. వెడల్పాకు, నేలని పట్టుకుని పాకుతుంది, నీడకి ఓర్చుకుంటుంది, తేమంటే ఇష్టం. కానీ ఉప్పు పడదు, ఎండాకాలం నీళ్ళు తప్పితే వారంలో వాడిపోతుంది. కాలవలు కట్టేసే రోజుల్లో మీరు దీన్ని ఎలా బతికిస్తారో ఆలోచించుకోండి.

మెక్సికన్ అన్నా కొరియన్ అన్నా రెండూ జోయ్‌సియా జాతే, మెక్సికోకీ దానికీ సంబంధం లేదు. దాని సొంత ఊరు తూర్పు ఆసియా. దట్టంగా, మెత్తగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. కోత తక్కువ కాబట్టి అందరికీ అదే కావాలి. ఆ నెమ్మదే దాని లోపం కూడా. దెబ్బ తగిలితే పూడ్చుకోడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఆ ఖాళీలో తుంగ సంసారం పెట్టేస్తుంది.

ఇక గరిక. నాటుది ఉంది, సెలెక్షన్ వన్ అని సన్నాకుది ఉంది, ఆటస్థలాలకి వేసే హైబ్రిడ్లున్నాయి. అన్నిటికీ నెత్తిన ఎండ కావాలి, రోజుకి ఆరేడు గంటలైనా. నీడలో పెట్టారంటే తీగ సాగి సాగి పోతుంది.

మీరు ఓ పని చేయండి. పాడైన చోట గడ్డిని పారతో జున్నుముక్కలా కోసి పైకి తీసి పక్కనుంచి ఫొటో పెట్టండి. పై నుంచి తీసిన ఫొటో వద్దు.

పాలకొల్లు పెద్దక్క · మార్చి 10, సాయంత్రం 5:50

జిప్సం వేయండి మాస్టారూ. మా అన్నయ్యగారి పెరట్లో వేస్తే నెలలో పచ్చబడింది.

గట్టుమీద ఇల్లు · మార్చి 11, ఉదయం 7:25

కోశానండి, ఫొటో జతచేశాను. పైన ఆకు. దాని కింద గోధుమరంగు నార, బొటనవేలు మందాన, కొబ్బరిపీచు పరుపులా. దాని కింద షీటుతో వచ్చిన మట్టి, అంగుళం. ఆ కింద మేము తోలించిన నల్లమట్టి. వేళ్ళన్నీ ఆ అంగుళం మట్టిలోనే ఉన్నాయి. నల్లమట్టి దాకా వచ్చి అక్కడ పక్కకి తిరిగి చాపలా అల్లుకున్నాయి. ఒక్కటీ కిందకి దిగలేదు. నల్లమట్టి జిగటగా ఉండి బురద కంపు కొడుతోంది. రెండేళ్ళుగా దీని మీద పచార్లు చేస్తున్నాను కానీ కింద ఇలా ఉందని అనుకోలేదు.

రొయ్యల బాబాయ్ · మార్చి 11, ఉదయం 9:10

మాస్టారూ, ఓ మాట అడుగుతాను. ఆ మెరక మట్టి ఎక్కడిదండీ?

గట్టుమీద ఇల్లు · మార్చి 11, ఉదయం 9:32

సఖినేటిపల్లి అవతల చెరువులు లోతు చేస్తుంటే ఆ మట్టి చవగ్గా వస్తుందని ట్రాక్టరువాడు తోలాడండి. ముందువైపు మొత్తం అదే, అడుగున్నర ఎత్తు. వెనకవైపు పాత నేలే, మెరక చెయ్యలేదు.

రొయ్యల బాబాయ్ · మార్చి 11, ఉదయం 9:41

ఆయ్! దొరికాడండీ దొంగ. ఆ వైపు చెరువులంటే ఉప్పునీళ్ళ చెరువులండీ బాబూ. ఏళ్ళ తరబడి రొయ్యకి ఉప్పునీళ్ళు పెట్టి పెట్టి ఆ అడుగుమట్టి ఉప్పు తాగేసుంటాది. మీరు గడ్డి కింద ఉప్పు పరుపేసుకుని పడుకోబెట్టారు. బోరు నీళ్ళు కూడా ఓసారి టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచేది) పెట్టి చూడండి. మేం వాడే శాలినిటీ మీటరు దీనికి పనికిరాదు, అది మా నీళ్ళకి సరిపోయేదే గానీ ఇంత సన్న తేడాలు చూపించదు. వాటర్ ప్లాంటు కుర్రోడి దగ్గర చిన్న పెన్నులాంటిది ఉంటాది, అడిగితే ఇస్తాడు.

గట్టుమీద ఇల్లు · మార్చి 11, ఉదయం 10:15

మరి ముందువైపు గేటు పక్కనున్న రెండు కొబ్బరిచెట్లూ గెలలు దిగి బ్రహ్మాండంగా ఉన్నాయే? ఉప్పయితే అవీ పోవాలి కదా?

వరిచేను · మార్చి 11, ఉదయం 11:00

కొబ్బరిని సాక్ష్యానికి పిలవకండి. దానికి ఉప్పులోని క్లోరైడ్ కావాలి కూడాను. సముద్రం ఒడ్డున నిలబడే చెట్టు అది.

బాబాయ్‌గారు చెప్పినట్టు నీళ్ళు చూడండి, మట్టి భూసార పరీక్షకి పంపండి. ముందుదీ వెనకదీ విడివిడిగా రెండు సంచులు. ఒకే సంచిలో కలిపేస్తే రెండూ తెలియవు.

పెద్దక్కగారూ, జిప్సం మాట ఫలితాలొచ్చాక. చౌడులో రెండు రకాలు. పాలచౌడు అంటే తేలిగ్గా కరిగే ఉప్పులు పేరుకున్నది, పైన తెల్లగా పూస్తుంది. దానికి మంచినీళ్ళతో కడగడమే మందు. కారుచౌడు అంటే సోడియం మట్టికే పట్టుకుని ఉన్నది, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటుతుంది, నీళ్ళు ఇంకవు. జిప్సం దానికి. మీ అన్నయ్యగారిది కారుచౌడు అయ్యుంటుంది.

పాలకొల్లు పెద్దక్క · మార్చి 11, మధ్యాహ్నం 12:30

అయ్యుంటుందండీ. వాళ్ళ పెరట్లో వాన పడితే రెండ్రోజులు నీళ్ళు అలాగే నిలబడేవి.

గట్టుమీద ఇల్లు · మార్చి 24, రాత్రి 8:10

రిపోర్టులొచ్చాయి. ముందువైపు మట్టి ఈసీ (మట్టిలో ఉప్పెంతో చెప్పే కొలత) 3.8, ఉదజని సూచిక 8.1. వెనకవైపు ఈసీ 0.6, ఉదజని సూచిక 7.4. బోరు నీళ్ళ టీడీఎస్ 1,900. పంచాయతీ కుళాయిది 280. అంటే నేను రోజూ రెండు పూటలా ఉప్పునీళ్ళు, అదీ ఆకుల మీద చల్లాను.

ఇంకో చిత్రం. ముందువైపు మురుగు బోదె పక్కన, నేను నాటకుండానే గరిక వచ్చింది. దాని తీగ ఒకటి చచ్చిన మెక్సికన్ షీటు మీదుగా మూరెడు పాకి, కణుపు కణుపుకీ వేరు దింపుకుని పచ్చగా ఉంది. రెండేళ్ళుగా దాన్ని కలుపని పీకుతున్నాను.

కడియపులంక పిల్ల · మార్చి 24, రాత్రి 9:00

ఇక్కడ ఒక్క మాట, గరికకి ఓటేసేముందు. మెక్సికన్ కూడా ఉప్పుని బాగానే ఓర్చుకునే గడ్డే. ఉప్పొక్కటే అయితే ఇంతలా చావదు. కింద గాలాడని బంకమన్ను, పైన నార పరుపు, సాయంత్రం తడి, తెగులు, ఉప్పునీళ్ళు అన్నీ కలిశాయి. నీళ్ళు అవే, మట్టీ అదే ఉంచి గడ్డి ఒక్కటీ మారిస్తే మళ్ళీ రెండేళ్ళకి ఇదే చర్చ మొదలెడతారు. బఫెలో వేసి ఉంటే మాత్రం రెండేళ్ళు కూడా పట్టేది కాదు, మొదటి వేసవికే పోయేది.

అట్లాంటా అల్లుడు · మార్చి 24, రాత్రి 11:20

నేను అదే అంటాను. పీకకండి. నీళ్ళు మార్చండి, నార దువ్వి తీయించండి, నేలకి చిల్లులు పొడిపించండి, ఒక వానాకాలం ఆగండి.

రొయ్యల బాబాయ్ · మార్చి 25, ఉదయం 6:05

అల్లుడుగారూ, వేరు దిగని గడ్డికి ఎన్ని వానలొస్తే ఏటి? కింద మట్టి కలియబెట్టకపోతే ఉప్పు ఎక్కడికి పోతాది? పీకాలండీ.

వరిచేను · మార్చి 25, ఉదయం 7:15

ఇద్దరూ చెప్పింది కొంత నిజం. ఉప్పు కడగడానికి లెక్క ఉంది. ఒక అడుగు మట్టిలోంచి ఒక అడుగు మంచినీళ్ళు కిందకి ఇంకి బయటకి పోతే ఉప్పులో సుమారు 80 శాతం కొట్టుకుపోతుంది. మన వైపు నైరుతి వానలే అంతకంటే ఎక్కువ కురుస్తాయి. కానీ కురిసింది ఇంకాలి, ఇంకింది బయటకి పోవాలి. పైనుంచి జారి వీధిలోకి పోయిన వాన లెక్కలోకి రాదు. ముందుగా ఒక గోతి పరీక్ష చేయండి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపి, ఇంకాక మళ్ళీ నింపి, రెండోసారి ఎన్ని గంటలకి ఇంకుతుందో చూడండి.

గట్టుమీద ఇల్లు · మార్చి 26, సాయంత్రం 6:40

ముందువైపు పధ్నాలుగు గంటలకి సగమే ఇంకింది. వెనకవైపు నాలుగు గంటల్లో ఖాళీ. పీకడం తప్పదనిపిస్తోంది. మేస్త్రీ మీద రెండంగుళాల ఇసుక పోసి పైన కొత్త షీటు పరవమంటున్నాడు.

వరిచేను · మార్చి 26, రాత్రి 7:30

వద్దు. బంకమన్ను మీద పలచటి ఇసుక పొర అంటే నీళ్ళు ఇసుకలో నిలబడి కిందకి దిగవు, తొట్టిలో గడ్డి పెంచినట్టు. పోనీ కొద్దిగా ఇసుకని మట్టిలో కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది. నిజంగా ఇసుకతోనే బాగుచేయాలంటే నాలుగంగుళాలైనా పోయాలి. ముందూ వెనకా కలిపి మూడు సెంట్లంటే 1,307 చదరపు అడుగులు, నాలుగంగుళాలకి సుమారు 436 ఘనపుటడుగులు, అంటే (వంద ఘనపుటడుగులు ఒక యూనిట్) నాలుగు యూనిట్ల పైమాటే. ఆ డబ్బుతో మాగిన పశువుల ఎరువు తోలించి తొమ్మిది అంగుళాల లోతు కలియదున్నించండి. వాలు బోదె వైపు పెట్టించండి, ఎనిమిది అడుగులకి అంగుళం చాలు.

పాలకొల్లు పెద్దక్క · మార్చి 26, రాత్రి 8:05

కొబ్బరిపొట్టు కలిపితే? మీ వైపు ఊరికే దొరుకుతుంది కదా.

కడియపులంక పిల్ల · మార్చి 26, రాత్రి 8:20

దొరుకుతుంది పెద్దక్కా, కానీ పచ్చి పొట్టులోనే ఉప్పు ఉంటుంది. మేం రెండు మూడు సార్లు కడిగి, నీళ్ళు పిండేసి వాడతాం. ఉప్పుకి ఉప్పు తోడవకూడదు.

ఇప్పుడు తుంగ. నేల తవ్వేటప్పుడే దీని పని పట్టాలి. ఒక మొక్క పీకితే కింద గడ్డలు గొలుసులా ఉంటాయి. పై గడ్డ తెగితే మిగతావన్నీ మొలకెత్తుతాయి. అంటే మనం పీకుతున్నామనుకుంటూ నాటుతున్నామన్నమాట. నల్ల ప్లాస్టిక్ కప్పినా దాని మొలక సూదిలా పొడుచుకుని పైకొస్తుంది. గడ్డలు ఎక్కువగా పై ఆరంగుళాల్లోనే ఉంటాయి. తవ్వి మట్టి తిరగేసి, ఏప్రిల్, మే ఎండలకి నాలుగైదు సార్లు ఆరనిస్తే చాలావరకు ఎండిపోతాయి. అన్నీ పోతాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి.

ఊరికే చదివేవాణ్ణి · మార్చి 26, రాత్రి 8:45

గ్లైఫోసేట్ కలుపుమందు కొడితే ఒక్క దెబ్బకి పోదూ?

నిర్వాహకుడు · మార్చి 26, రాత్రి 9:30

గ్లైఫోసేట్ వాడకాన్ని 2022లో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. ఇంట్లో ఎలా కొట్టుకోవాలో ఇక్కడ రాయకండి. తుంగ మీద వేరే మాట్లాడుకోవచ్చు.

వరిచేను · మార్చి 27, ఉదయం 6:50

చెరుకులో తుంగకి హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, నీళ్ళలో కలిసే గుళికలు, వాడతారు. గరికనీ, మెక్సికన్‌నీ అది చంపదు. తుంగ నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి, అటూ ఇటూ రెండ్రోజులు గడ్డి కోయకూడదు. ఎకరానికి 36 గ్రాములు. సెంటుకి ఎంతవుతుందో చూడండి: 0.36 గ్రాము. వంటింటి త్రాసుకి అందదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, చిటికెడనుకుని చెంచాడు వేస్తారు. బంగారం తూచే బుల్లి త్రాసు మీద ఒక గ్రాము తూచి, ఐదున్నర లీటర్లలో కలిపి, సెంటుకి రెండు లీటర్ల చొప్పున పిచికారీ చేయండి. తుంగ పసుపెక్కి చావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండో రోజుకే చావలేదని మళ్ళీ కొట్టొద్దు.

రొయ్యల బాబాయ్ · మార్చి 27, ఉదయం 7:20

మందు కొట్టిన నీళ్ళు బోదెలోకి వదలకండి మాస్టారూ. కింద ఎవడి చెరువో ఉంటాది.

గట్టుమీద ఇల్లు · మార్చి 28, ఉదయం 9:00

అందరి మాటా విని ఇలా నిర్ణయించాను. ముందువైపు పీకి, తవ్వి, వేసవంతా ఆరనిచ్చి, వానలకి ఉప్పు కడగనిచ్చి, తర్వాత గరిక. బోదె పక్కనున్న ఆ గరికనే. ఆ మట్టిలో బతికినదాన్ని వదిలి ఇంకోటి కొనడం దేనికి? అట్లాంటా అల్లుడుగారి మాట తీసెయ్యడం ఇష్టం లేక అరుగు పక్కన మూడడుగుల వెడల్పు మెక్సికన్ పట్టీ పీకకుండా ఉంచుతున్నాను. దానికి నీళ్ళు మార్చడం, నార దువ్వడం, పలుగుతో చిల్లులు పొడవడం, అంతే.

వెనకవైపు నీడలో ఏం వేయను?

కడియపులంక పిల్ల · మార్చి 28, ఉదయం 10:10

వెనక ఈసీ 0.6 అన్నారు, నీళ్ళు ఇంకుతున్నాయి, కొబ్బరి కింద మూడు నాలుగు గంటల చెదురు ఎండ పడే ఉంటుంది. మీరు మొదట్నుంచీ అడుగుతున్న బఫెలో అక్కడ వేసుకోండి, ఆ కోరికా తీరుతుంది. కుళాయి నీళ్ళే పెట్టాలి. కోత రెండంగుళాలకి తగ్గించొద్దు. కొబ్బరి మొదలు చుట్టూ ఆరడుగుల పాదు వదిలేయండి, చెట్టు తిండి తినే వేళ్ళు అక్కడే ఉంటాయి. గడ్డీ చెట్టూ ఎరువు కోసం కొట్టుకోవడం ఎందుకు? రాలిన మట్టలు ఏ రోజువి ఆ రోజు తీయాలి. వారం ఉంచితే కింద మట్ట ఆకారంలో తెల్లటి అచ్చు పడుతుంది.

గట్టుమీద ఇల్లు · జూలై 30, సాయంత్రం 5:15

చాన్నాళ్ళకి వచ్చాను. మే నెలలో ఐదుసార్లు మట్టి తిరగేయించాను. తుంగగడ్డలు బొరుగుల్లా ఎండి తేలికైపోయాయి, బకెట్లతో ఎత్తి పోశాం. ఎరువు కలిపి, వాలు పెట్టి, చుట్టూ చిన్న కట్ట వేశాను, వాన నిలబడి ఇంకేలా. మొదటి పెద్ద వానలకి బోదెలోకి దిగిన నీళ్ళు టీడీఎస్ 3,400 చూపించాయి. నిన్నటి వానకి 900. మట్టి మళ్ళీ పరీక్షకి పంపితే ఈసీ 1.4.

నిన్నటి నుంచి గరిక కణుపులు నాటుతున్నాం, నాలుగంగుళాలకొకటి. నడుములు పోయాయి.

రొయ్యల బాబాయ్ · జూలై 30, సాయంత్రం 6:00

శభాష్ మాస్టారూ. బోదె నీళ్ళు కూడా కొలిచారంటే మీరు రొయ్యలు కూడా సాకగలరు.

గట్టుమీద ఇల్లు · వినాయక చవితి మర్నాడు, ఉదయం 8:30

గరిక అల్లుకుంది. ఇంకా సందులున్నాయి కానీ దూరం నుంచి చూస్తే నేల కనపడదు. అయితే నిన్న తెల్లారకముందే వీధిలో పిల్లలందరూ పళ్ళేలు పట్టుకుని వచ్చేశారు. ఇరవై ఒక్క పత్రుల్లో దూర్వాయుగ్మం, అంటే గరిక, ఉంది కదా, అది మాస్టారి ఇంట్లో ఉందని ఎవరో చాటింపు వేశారు. నాలుగంగుళాలకొకటి నాటినవి పన్నెండంగుళాలకొకటి అయ్యాయి. మా ఆవిడ మాత్రం వాళ్ళందరికీ ఉండ్రాళ్ళు పంచి మరీ పంపింది.

కడియపులంక పిల్ల · వినాయక చవితి మర్నాడు, ఉదయం 9:05

కొసలు తుంచితే గరిక పక్కలకి దట్టంగా వస్తుంది మాస్టారూ, బెంగ పడకండి. సెంటుకి 200 గ్రాములకి మించకుండా యూరియా చల్లి వెంటనే నీళ్ళు పెట్టండి, మూడు వారాల్లో పూడుతుంది. కొత్తాకు లేతపసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. లీటరుకి 5 గ్రాములు అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లండి. అరుగు మీద పడనీయకండి, తుప్పు మరక పోదు.

గట్టుమీద ఇల్లు · నవంబర్ 22, రాత్రి 7:45

వాయుగుండం వెళ్ళాక ఫొటోలు పెడుతున్నాను. మొదటిది ముందువైపు గరిక. రెండ్రోజులు నీళ్ళు నిలబడలేదు, గంటన్నరలో ఇంకింది. ఈశాన్యం మూల తుంగ మళ్ళీ కనిపించింది, పదిహేను ఇరవై మొక్కలు. బుల్లి త్రాసు అడిగి తెచ్చుకున్నాను. రెండోది వెనకవైపు బఫెలో, ఒక మట్ట అచ్చు పడింది, తప్పు నాదే, మూడ్రోజులు ఊరెళ్ళాను.

అట్లాంటా అల్లుడు · నవంబర్ 22, రాత్రి 10:30

బాగుంది మాస్టారూ. మూడో ఫొటోలో అరుగు పక్కన దట్టంగా ఉన్నది ఏమిటి? అది గరికలా లేదే?

గట్టుమీద ఇల్లు · నవంబర్ 23, ఉదయం 6:20

అది మీ పట్టీయేనండి. పీకకుండా ఉంచిన మెక్సికన్. కుళాయి నీళ్ళు, పొద్దున్నపూట మాత్రమే, వారానికి మూడుసార్లు. పలుగుతో పొడిచిన చిల్లుల్లోంచి వేళ్ళు నల్లమట్టిలోకి దిగాయి, మొన్న ఒకచోట కోసి చూశాను, జానెడు లోతున్నాయి. ఈ కార్తీకంలో మచ్చ ఒక్కటీ రాలేదు.

ఊరికే చదివేవాణ్ణి · నవంబర్ 23, ఉదయం 6:31

అంటే మాస్టారూ, ఆ తవ్వకం, ఆ నడుము నొప్పి, ట్రాక్టరు ఖర్చు...

గట్టుమీద ఇల్లు · నవంబర్ 23, ఉదయం 6:40

పట్టీ మూడడుగులే. పైగా అరుగు చూరు కింద మొదట్నుంచీ నీళ్ళు జారిపోయే చోటు. మిగతాదంతా అలా తేరుకునేదో లేదో చెప్పలేం కదా. ఏదేమైనా ఈ చర్చ మా ఆవిడకి చూపించకండి.

రొయ్యల బాబాయ్ · నవంబర్ 23, ఉదయం 7:02

ఆయ్, చూపించంలెండి. తుంగ మందు మటుకు ఈ వారమే కొట్టేయండి, గడ్డ ఊరిందంటే మళ్ళీ వేసవిదాకా దొరకదు.